గని మూసివేత ఖర్చు తవ్వకానికి ముందే జమ కావాలి

కేంద్ర గనుల మంత్రిత్వ శాఖకు, కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖకు బహిరంగ లేఖ



భారతదేశంలో గనులపై పర్యావరణ నియంత్రణ అనగానే చర్చ దాదాపు ఎప్పుడూ అనుమతుల చుట్టూనే తిరుగుతుంది. పర్యావరణ అనుమతి ఎలా వచ్చింది, అటవీ భూమి ఎంత పోయింది, ప్రజాభిప్రాయ సేకరణ సభ సక్రమంగా జరిగిందా, లీజు సరిహద్దు రాళ్లు చోటు మారాయా అన్న ప్రశ్నలే పత్రికల్లోనూ న్యాయస్థానాల్లోనూ నలుగుతాయి. అవన్నీ అవసరమైన ప్రశ్నలే. అయితే గనికి మొదలు ఉన్నట్టే ముగింపు కూడా ఉంటుంది. ఖనిజం అయిపోయిన రోజునో, అంతర్జాతీయ ధర పడిపోయిన రోజునో, కంపెనీ దివాలా తీసిన రోజునో తవ్వకం ఆగిపోతుంది కాని, తవ్విన గొయ్యి, పోసిన రాతిగుట్ట, రసాయనాలు కలిసిన బురదచెరువు అక్కడే ఉండిపోతాయి. వాటిని చక్కదిద్దే ఖర్చు ఎవరిది, ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంది, అది సరిపోతుందా అన్నది తవ్వకం మొదలుకాక ముందే తేల్చిన దేశాలు కొన్ని ఉన్నాయి. తేల్చకుండా వదిలేసి, తరవాతి తరాల పన్నుల నుంచి ఆ ఖర్చు భరిస్తున్న దేశాలు చాలా ఉన్నాయి. భారతదేశం ఈ రెండో వరుసలో చేరకుండా ఉండాలంటే ఇప్పుడున్న నియమాల్లో ఏమి మారాలో ఆయా దేశాల అనుభవం ఆధారంగా రెండు మంత్రిత్వ శాఖల ముందు ఉంచడమే ఈ లేఖ ఉద్దేశం.

ఇక్కడ కీలకమైనది ఆర్థిక హామీ, అంటే గని మూసివేతకు కంపెనీ ముందుగా ప్రభుత్వానికి చెల్లించే పూచీకత్తు. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు యజమాని అడ్వాన్సు తీసుకోవడం వంటిదే ఇది: అద్దెకున్నవారు చెప్పాపెట్టకుండా ఖాళీచేసి పోయినా, గోడలకు జరిగిన నష్టం ఆ డబ్బుతో బాగుచేయించుకోవచ్చు. అడ్వాన్సు మరమ్మతు ఖర్చు కన్నా తక్కువైతే మిగిలినది ఇంటి యజమాని జేబులోంచి పోతుంది. గనుల విషయంలో ఆ యజమాని ప్రభుత్వం, అంటే ప్రజలే. కాబట్టి ఒక దేశపు గనుల చట్టం మంచిచెడ్డలు తెలుసుకోవాలంటే అందులో ఎన్ని అనుమతులు రాసి ఉన్నాయో లెక్కించడం కన్నా, ఆ పూచీకత్తు ఎంత, దాన్ని ఎవరు లెక్కగట్టారు, ఏ రూపంలో ఉంది, ఎప్పుడు విడుదల చేస్తారు అన్న నాలుగు విషయాలు చూడటం మేలు.

కెనడా ఉత్తర ప్రాంతంలోని యెల్లోనైఫ్ పట్టణం పక్కన ఉన్న జెయింట్ బంగారు గని ఈ నాలుగు విషయాలూ పట్టించుకోని కాలానికి చెందినది. 1948 నుంచి అర్ధశతాబ్దానికి పైగా సాగిన ఆ తవ్వకంలో సుమారు 70 లక్షల ఔన్సుల బంగారం బయటికి వచ్చింది. అక్కడి బంగారం ఆర్సెనిక్ కలిసిన రాతిలో చిక్కుకుని ఉండటం వల్ల ఆ రాతిని కొలిమిలో కాల్చవలసి వచ్చేది. కాల్చినప్పుడల్లా ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ అనే, నీటిలో కరిగే విషపుధూళి పుట్టేది. మొదటి ఏళ్లలో అది గాలిలోకే పోయింది, మంచుమీద పడింది, 1951లో ఆ మంచునీటి కారణంగా స్థానిక దేనే తెగకు చెందిన ఒక పసిబిడ్డ మరణించింది. తరవాత ఆ ధూళిని పట్టి గనిలోని భూగర్భ గదుల్లో నింపడం మొదలుపెట్టారు. 1999లో కంపెనీ దివాలా తీసేనాటికి అక్కడ పోగుపడిన విషపుధూళి 2,37,000 టన్నులు. దాన్ని బయటికి తీసి పారవేయడం అంతకన్నా ప్రమాదమని తేలడంతో, ఆ గదుల చుట్టూ నేలను శాశ్వతంగా గడ్డకట్టించి ఉంచే పద్ధతిని కెనడా ప్రభుత్వం ఎంచుకుంది. ఆ పనికి 2022లో వేసిన అంచనా 438 కోట్ల కెనడా డాలర్లు, ఇందులో గని యజమానుల నుంచి రాబట్టగలిగినది దాదాపు ఏమీ లేదు. అర్ధశతాబ్దపు లాభాలు వాటాదారుల చేతికి వెళ్లాక, ముగింపు లేని కాపలా బాధ్యత ప్రజలకు మిగిలింది.

ఇది పాతకాలపు అజ్ఞానం వల్ల జరిగిన పొరపాటు అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే చట్టం, పూచీకత్తు రెండూ ఉన్న చోట కూడా లెక్క తప్పిన సందర్భాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో హేజెల్‌వుడ్ లిగ్నైట్ బొగ్గు గనిలో 2014 ఫిబ్రవరి 9న మంటలు రేగి 45 రోజులు కాలాయి; పక్కనున్న మోర్‌వెల్ పట్టణం పొగలో మునిగిపోయింది. దానిపై జరిగిన బహిరంగ విచారణలో బయటపడ్డ విషయాల్లో ముఖ్యమైనది ఏమిటంటే, అంత పెద్ద గని మూసివేతకు ప్రభుత్వం దగ్గర ఉన్న పూచీకత్తు 1.5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు మాత్రమే. 2017లో గని మూతపడుతున్నప్పుడు యాజమాన్యమే ప్రకటించిన గని పునరుద్ధరణ ఖర్చు 43.9 కోట్ల డాలర్లు. అంటే మంటల నాటికి ప్రభుత్వం పట్టుకున్నది అసలు ఖర్చులో సుమారు ముప్పయ్యో వంతు. అక్కడ కంపెనీ సంపన్నమైనది కాబట్టి బాధ్యత తప్పించుకోలేదు, లేకపోతే ఆ తేడా మొత్తం విక్టోరియా ఖజానా మీద పడేది. సంపన్న దేశంలో, విద్యావంతులైన అధికారులున్న చోట, లిఖిత చట్టం ఉన్నా ఇంత తేడా ఎలా వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం సులభం: ఆ పూచీకత్తును ఏళ్ల తరబడి ఎవరూ తిరిగి లెక్కగట్టలేదు.

ఈ లోపాన్ని ముందుగా గుర్తించి చట్టంగా రాసుకున్న దేశాల్లో అమెరికా ఒకటి, అయితే బొగ్గు విషయంలో మాత్రమే. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1977 ఆగస్టు 3న సంతకం చేసిన ఉపరితల గనుల నియంత్రణ, పునరుద్ధరణ చట్టం ప్రకారం తవ్వకం అనుమతి చేతికి రాకముందే కంపెనీ పూచీకత్తు కట్టాలి. కంపెనీ చేతులెత్తేస్తే ప్రభుత్వమే ఆ పని చేయించవలసి వచ్చినప్పుడు అయ్యే ఖర్చుకు అది సరిపోవాలి. తవ్విన నేలను దాదాపు మునుపటి ఎత్తుపల్లాలకు తేవాలి. గొయ్యి పూడ్చి చదును చేశాక కొంత భాగం, మొక్కలు నిలదొక్కుకున్నాక మరికొంత, ఆ పచ్చదనం అయిదేళ్లు, వర్షపాతం తక్కువ ఉన్న ప్రాంతాల్లో పదేళ్లు నిలిచిందని తేలాక మిగిలినది, ఇలా విడతలుగా మాత్రమే ఆ పూచీకత్తు విడుదలవుతుంది. విడుదలకు ముందు స్థానికులు అభ్యంతరం చెప్పి బహిరంగ విచారణ కోరే హక్కు కూడా ఉంది. మొక్కలు నాటిన రోజున ఫొటో తీసి పంపితే సరిపోయే పద్ధతికి, అయిదేళ్ల తరవాత ఆ మొక్క బతికి ఉందా అని చూసే పద్ధతికి ఉన్న అంతరం ఎంతటిదో ఏ గని పక్క గ్రామంలోనైనా తెలుస్తుంది.

అదే అమెరికాలో బంగారం, రాగి, వెండి వంటి లోహాల గనులను ఇప్పటికీ పాలిస్తున్నది 1872 నాటి గనుల చట్టం. అది సమాఖ్య భూముల్లోని లోహాలపై రాయల్టీనీ విధించలేదు, పునరుద్ధరణ ఊసూ ఎత్తలేదు. తరవాతి నియమాలు కొంత లోటు పూడ్చినా, కొలరాడోలోని సమ్మిట్‌విల్ బంగారు గని కంపెనీ 1992 డిసెంబరులో దివాలా తీసి వెళ్లిపోయినప్పుడు సైనైడ్ కలిసిన నీటిని అదుపు చేసే భారం సమాఖ్య ప్రభుత్వం మీద పడి, 15 కోట్ల డాలర్లకు పైగా ప్రజాధనం ఖర్చయింది. బొగ్గు చట్టంలోనూ ఒక సందు మిగిలింది. ఆర్థికంగా గట్టిగా ఉన్న కంపెనీలు నగదు, బ్యాంకు హామీ ఏదీ లేకుండా తమ ఆస్తిపాస్తుల బలాన్నే పూచీగా చూపించుకునే వెసులుబాటు కొన్ని రాష్ట్రాలు ఇచ్చాయి. 2015, 2016 సంవత్సరాల్లో ఆల్ఫా, ఆర్చ్, పీబాడీ అనే మూడు పెద్ద బొగ్గు కంపెనీలు వరుసగా దివాలా రక్షణ కోరినప్పుడు ఆ పూచీ కాగితానికి ఏ విలువా లేదని తేలింది. పెద్ద కంపెనీ మాటే హామీ అనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ఐరోపా సమాఖ్య 2000 జనవరి 30 నాటి దుర్ఘటన తరవాత మేల్కొంది. ఆ రాత్రి రొమేనియాలోని బయా మారే వద్ద బంగారం తీసే కర్మాగారపు చెరువుకట్ట తెగి సుమారు లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీరు నదుల్లో కలిసి, హంగరీలోని టీసా నదిని, అక్కడి నుంచి డాన్యూబును తాకింది. ఒక దేశపు నిర్లక్ష్యం మరో దేశపు చేపలను చంపింది. 2006లో వెలువడిన గనుల వ్యర్థాల ఆదేశం పని మొదలుకాక ముందే ఆర్థిక హామీ ఉండాలని నిర్దేశించడమే కాక, ఆ లెక్క కంపెనీ సొంత కూలీలతో, సొంత యంత్రాలతో అయ్యే తక్కువ ఖర్చు ప్రకారం కాకుండా, స్వతంత్రులైన అర్హులైన మూడో పక్షం వారు వచ్చి చేస్తే అయ్యే ఖర్చు ప్రకారం ఉండాలని చెప్పింది. చిన్నదిగా కనిపించే ఈ నిబంధనలోనే అసలు బలం ఉంది, ఎందుకంటే కంపెనీ లేని రోజున పని చేసేది మూడో పక్షమే.

చిలీ 2011లో చేసిన గనుల మూసివేత చట్టం నెలకు 10 వేల టన్నులకు మించి తవ్వే గనులన్నిటినీ ఈ పద్ధతిలోకి తెచ్చింది. దీర్ఘకాలం నడిచే గనులు పూర్తి మూసివేత ఖర్చుకు సరిపడే హామీని 15 ఏళ్లలోపు పూర్తిగా జమచేయాలి. పశ్చిమ ఆస్ట్రేలియా మరో దారి పట్టింది. 2012 చట్టంతో ఏర్పడిన గనుల పునరుద్ధరణ నిధికి గనుల కంపెనీలు తమ గని పునరుద్ధరణ అంచనాలో ఏటా ఒక శాతం చెల్లిస్తాయి. మూలధనం దివాలా తీసిన గనుల కోసం ఉంటే, దానిపై వచ్చే వడ్డీని యజమాని ఎవరో తెలియని పాత గనులను బాగుచేయడానికి వాడతారు. ఒక్క భారీ గని కూలితే నిధి మొత్తం ఖాళీ అయ్యే ప్రమాదం ఈ పద్ధతిలో లేకపోలేదు. అయినా విడివిడిగా బ్యాంకు హామీ తేలేని చిన్న గనుల విషయంలో ఇది ఆలోచించదగినది.

జర్మనీ నేర్చుకున్న పాఠం ఇంకా లోతైనది. తూర్పు జర్మనీలో సోవియట్ అవసరాల కోసం 1946 నుంచి 1990 వరకు యురేనియం తవ్విన విస్మత్ సంస్థ వదిలిన గుట్టలను, చెరువులను శుభ్రం చేయడానికి పునరేకీకృత జర్మనీ 600 కోట్ల యూరోలకు పైగా ఖర్చుపెట్టింది. పశ్చిమాన రూర్ బొగ్గు ప్రాంతంలో శతాబ్దంన్నర తవ్వకం వల్ల నేల కొన్నిచోట్ల 20 మీటర్లకు పైగా కుంగిపోయింది. అక్కడి నీటిని పంపులతో తోడటం ఆపితే పట్టణాలకు పట్టణాలే మునుగుతాయి. తోడటం ఎన్నటికీ ఆపలేని పని కాబట్టి ఆ ఖర్చుకు కూడా ఎన్నటికీ తరగని నిధి కావాలని గుర్తించి, 2007లో ఒక ప్రత్యేక ఫౌండేషన్ ఏర్పాటు చేశారు. బొగ్గు సంస్థకు చెందిన రసాయన వ్యాపారపు వాటాలను దాని చేతిలో పెట్టారు. 2018 డిసెంబరులో చివరి బొగ్గు గని మూతపడిన తరవాత, ఏటా 20 కోట్ల యూరోలకు పైగా అయ్యే ఆ శాశ్వత భారాన్ని ప్రభుత్వ ఖజానాకు బదులు ఆ ఫౌండేషన్ ఆదాయమే మోస్తున్నది. మూసివేత అంటే గేటుకు తాళం వేయడమని కాక, కొన్ని బాధ్యతలు కాలంతోపాటు సాగుతూనే ఉంటాయని ఒప్పుకుని ఏర్పాట్లు చేసుకోవడమని రూర్ చెబుతున్నది.

ఇప్పుడు భారతదేశం లెక్క చూడాలి. బొగ్గు, అణు ఖనిజాలు కాని ప్రధాన ఖనిజాలకు గని మూసివేత ప్రణాళిక, ఆర్థిక హామీ అనేవి 2003లో నియమాల్లోకి వచ్చాయి. అప్పటి రేటు యాంత్రీకరించిన పెద్ద గనులకు, అంటే ‘ఏ’ వర్గానికి, హెక్టారుకు 25 వేల రూపాయలు, చిన్నవైన ‘బీ’ వర్గానికి 15 వేలు. 2017 ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాలు దాన్ని 3 లక్షలకు, 2 లక్షలకు పెంచాయి. 2021 సవరణ 5 లక్షలకు, 3 లక్షలకు చేర్చింది. పెంపుదల దిశ సరైనదే, దానికి గనుల మంత్రిత్వ శాఖను అభినందించాలి. కాని హెక్టారుకు 5 లక్షలంటే చదరపు మీటరుకు 50 రూపాయలు. ఆ చదరపు మీటరు కింద పది మీటర్ల లోతు తవ్వారా, నూటయాభై మీటర్లు తవ్వారా అన్న దానితో ఈ 50 రూపాయలకు సంబంధం లేదు. తీసిన రాతిలో గంధకం ఉండి వాన పడ్డప్పుడల్లా ఆమ్లం కారుతుందా, పక్కన చెరువు ఉందా, అడవి ఉందా అన్న దానితోనూ సంబంధం లేదు. నేల వైశాల్యం కొలిచి వేసే ఈ రేటు గనిని పొలంగా చూస్తున్నది. గనికి లోతు ఉంటుంది, గుట్టకు ఎత్తు ఉంటుంది, నీటికి రుతువు ఉంటుంది. ఖర్చు వీటిని బట్టి పుడుతుంది కాబట్టి పూచీకత్తు కూడా వీటిని బట్టే లెక్కకు రావాలి.

బొగ్గు విషయంలో 2009 నుంచి ప్రతి గనికీ ఎస్క్రో ఖాతా, అంటే కంపెనీ జమచేసినా ప్రభుత్వ అనుమతి లేకుండా తీయలేని ఖాతా, తెరిపిస్తున్నారు. నగదు నిజంగా జమ కావడం అందులోని మేలు. అయినా అక్కడా లెక్క హెక్టార్లలోనే సాగుతుంది. ఇక 2015లో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి గురించి ఒక మాట చెప్పుకోవాలి. గని మూసివేతకు డబ్బు చాలకపోతే ఆ నిధి నుంచి తీయవచ్చన్న వాదన అక్కడక్కడ వినిపిస్తుంది. ఆ నిధి గనుల వల్ల నష్టపోయిన ప్రజల తాగునీరు, ఆరోగ్యం, చదువు కోసం ఏర్పడినది. కంపెనీ పూడ్చవలసిన గోతిని ప్రజల వాటాతో పూడ్చడమంటే నష్టపోయినవారినే రెండోసారి నష్టపరచడం.

భారతదేశంలో ఇంతకన్నా గట్టి పద్ధతి సాధ్యం కాదనే వాదన కూడా నిలవదు, ఎందుకంటే అది ఒకసారి కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో సాధ్యమైంది. ఆంధ్ర సరిహద్దులోని ఓబుళాపురం వరకు విస్తరించిన ఇనుప ఖనిజపు దోపిడీని అందరూ చూశారు. 2011 జులైలో బళ్లారి తవ్వకాలను ఆపేసిన సుప్రీంకోర్టు, 2013 ఏప్రిల్ 18 తీర్పులో లీజులను అక్రమాల తీవ్రతను బట్టి మూడు వర్గాలుగా విభజించి, తీవ్రమైన సీ వర్గాన్ని రద్దుచేసింది. మిగిలినవారు గని వారీగా తయారుచేసిన పునరుద్ధరణ ప్రణాళికను పాటించాకే తవ్వకం తిరిగి మొదలుపెట్టాలని ఆదేశించింది. ఎంత తవ్వాలో జిల్లా భరించగల మేరకు పరిమితి విధించింది. అమ్మకపు సొమ్ములో కొంత భాగాన్ని పర్యావరణ పునరుద్ధరణకు ప్రత్యేక సంస్థకు కేటాయించింది. ఆ నిధి చాలా ఏళ్లు వ్యాజ్యాల్లో నలిగి ఖర్చు కాకుండా పడి ఉండటం విచారకరమే. ఆ పనుల పర్యవేక్షణకు తెలుగువారైన విశ్రాంత న్యాయమూర్తి బి.సుదర్శన్ రెడ్డిని సుప్రీంకోర్టు నియమించవలసి వచ్చింది. అయినా సూత్రం సరైనది: ముందు బాగుచేయండి, తరవాత తవ్వండి. విధ్వంసం జరిగాక న్యాయస్థానం ఒక జిల్లాకు విధించిన ఈ క్రమశిక్షణను, విధ్వంసం జరగకముందే దేశమంతటికీ వర్తింపజేయడం మంత్రిత్వ శాఖల చేతిలో పని.

రెండో ప్రధాన విషయం టెయిలింగ్స్, అంటే ముడి ఖనిజాన్ని మెత్తగా నూరి లోహం తీసుకున్నాక మిగిలే బురద. దాన్ని గట్లు కట్టి చెరువుల్లో నిలవచేస్తారు. ఆ గట్లను ఎండిన బురద మీదే అంచెలంచెలుగా లోపలివైపు పేర్చుకుంటూ పోయే పద్ధతిని అప్‌స్ట్రీమ్ నిర్మాణం అంటారు. అది చవక, కాని నీరు చేరినా, భూమి కదిలినా బురద ద్రవంలా మారి గట్టు ఒక్కసారిగా జారిపోతుంది. 1965 మార్చి 28 భూకంపంలో చిలీలోని ఎల్ కోబ్రే వద్ద అటువంటి గట్టు తెగి రెండు వందల మందికి పైగా చనిపోతే, ఆ దేశం 1970లోనే ఆ పద్ధతిని నిషేధించింది. బ్రెజిల్ నిషేధించలేదు. 2015 నవంబరు 5న మరియానా దగ్గర ఫుండావ్ గట్టు తెగి 19 మంది చనిపోయారు, బురద డోసీ నది వెంట అట్లాంటిక్ సముద్రం దాకా పోయింది. అప్పటికీ నిషేధించలేదు. 2019 జనవరి 25న బ్రుమాడిన్యోలో మరో గట్టు తెగి 270 మంది బలయ్యాకే ఆ పద్ధతిని నిషేధించి, 2020లో చట్టంగా రాసుకుంది. బ్రుమాడిన్యో గట్టు భద్రంగా ఉందని కొన్ని నెలల ముందే ఒక తనిఖీ సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఆ తనిఖీకి ఫీజు చెల్లించినది గని కంపెనీయే. ఎవరిని పరిశీలించాలో వారి చేతనే జీతం తీసుకునే పరిశీలకుడి మాట మీద ఊళ్ల ప్రాణాలు ఆధారపడకూడదు. భారతదేశంలో పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలను తయారుచేసే కన్సల్టెంట్లను కూడా ప్రాజెక్టు యాజమాన్యమే నియమించుకుంటుందన్న సంగతి ఇక్కడ గుర్తుచేయక తప్పదు.

ఇటువంటి ప్రమాదాలు ఇక్కడ జరగవన్న ధీమాకు ఆధారం లేదు. 2019 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని మురీ వద్ద అల్యూమినా కర్మాగారపు ఎర్రబురద గుట్ట కూలి చుట్టుపక్కల భూములను కప్పేసింది. 2021 ఆనకట్టల భద్రత చట్టం నదుల మీద నీటిని నిలపడానికో మళ్లించడానికో కట్టిన ఆనకట్టలను దృష్టిలో పెట్టుకుని రాసినది; గనుల బురదగట్లకు అంతటి సమగ్రమైన ప్రత్యేక చట్టం లేదు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం, గనుల పరిశ్రమ, పెట్టుబడిదారుల సంఘం కలిసి 2020 ఆగస్టులో వెలువరించిన అంతర్జాతీయ టెయిలింగ్స్ ప్రమాణం స్వచ్ఛందమైనది కాబట్టి, దాన్ని చట్టబద్ధం చేయవలసినది ఆయా ప్రభుత్వాలే. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం శుద్ధి కర్మాగారపు టెయిలింగ్స్ పాండ్ చుట్టూ ఉన్న గ్రామాల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా చెబుతున్నారు. వారి మాటలో ఎంత నిజముందో తేల్చడానికి కంపెనీతో సంబంధం లేని నిపుణులు ఏటా పరీక్షించి, ఫలితాలను తెలుగులో గ్రామ సచివాలయంలో అంటించే ఏర్పాటు ఉంటే ఇన్నేళ్ల అనుమానం ఉండేది కాదు.

అటువంటి గ్రామాల గొంతు వినే వేదికే ప్రజాభిప్రాయ సేకరణ. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ఆ ప్రక్రియ నుంచి 2025 సెప్టెంబరులో పర్యావరణ మంత్రిత్వ శాఖ మినహాయింపు ఇచ్చింది. 2023 సవరణతో గనుల చట్టంలో చేరినప్పుడే కీలక ఖనిజాల జాబితాలో 24 ఉన్నాయి; ఈ మినహాయింపు ఎంత విస్తృతమైనదో దీన్ని బట్టి తెలుస్తుంది. దేశ భద్రతకు, విద్యుత్ వాహనాలకు ఆ ఖనిజాలు అవసరమన్నది కాదనలేని మాట. కాని ఖనిజం ఎంత కీలకమైతే దాని వ్యర్థం అంత నిరపాయం అవుతుందన్న సూత్రం ఏదీ లేదు. యురేనియం విషయంలో సరిగ్గా అందుకు వ్యతిరేకం. కఠిన నియమాలు పెట్టుబడులను తరిమేస్తాయన్న భయానికి కూడా అనుభవం మద్దతివ్వదు. పూర్తి మూసివేత హామీ అడిగే చిలీయే ప్రపంచంలో అత్యధికంగా రాగి తవ్వుతున్న దేశం. ఏటా పునరుద్ధరణ సుంకం వసూలు చేసే పశ్చిమ ఆస్ట్రేలియా లిథియం, ఇనుప ఖనిజం తవ్వకంలో ప్రపంచంలో ముందున్న ప్రాంతాల్లో ఒకటి. పెట్టుబడి పెట్టేవారికి కావలసినది స్థిరమైన నియమం. ఈ రోజు మినహాయింపు ఇచ్చి రేపు న్యాయస్థానంలో రద్దయ్యే నియమం కన్నా, కఠినమైనా నిలకడైన నియమమే వారికి మేలు.

చివరగా, గనుల మంత్రిత్వ శాఖకు నేరుగా సంబంధించిన ఒక విషయం. ఆ శాఖ ఆధీనంలోని భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ నడిపిన కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న ఆ ప్రాంతంలో, శతాబ్దానికి పైగా బంగారం తీయగా మిగిలిన 3 కోట్ల టన్నులకు పైగా బురద, స్థానికులు సైనైడ్ దిబ్బలని పిలిచే గుట్టలుగా, నేటికీ ఉంది. వేసవి గాలికి ఆ ధూళి ఇళ్లలోకి వస్తుంది. 13 దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని తిరిగి తీసే కేంద్ర ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో సమ్మతి తెలిపింది. పాత దిబ్బలను కదిలించే ముందు దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటైన్ అనుభవాన్ని పరిశీలించడం అవసరం. అక్కడి పాత వజ్రాల గని వ్యర్థాలను తిరిగి శుద్ధిచేస్తున్న సంస్థ కట్టిన గట్టు 2022 సెప్టెంబరు 11న తెగి ఇళ్లను ముంచెత్తింది, ప్రాణాలు తీసింది. పాత దిబ్బలు గనుల చట్టం పరిధిలోకి రావని 2007లో ఒక న్యాయస్థానం చెప్పడంతో ఆ పని సాధారణ గనుల పర్యవేక్షణకు బయటే సాగిపోయింది. కోలార్‌లో అటువంటి సందు మిగలకూడదు.

అందువల్ల రెండు మంత్రిత్వ శాఖలకు ఈ లేఖ చేస్తున్న విజ్ఞప్తి ఇది. హెక్టారు రేటును పక్కన పెట్టి, ప్రతి గనికీ దాని లోతు, వ్యర్థాల స్వభావం, నీటి పరిస్థితి ప్రకారం, మూడో పక్షం చేస్తే అయ్యే పూర్తి మూసివేత ఖర్చును స్వతంత్ర నిపుణులతో లెక్కగట్టించి, మూడేళ్లకోసారి తిరిగి లెక్కించి, దాన్నే పూచీకత్తుగా తీసుకునేలా 2017 నియమాలను సవరించాలి. చిన్న క్వారీలకు ఉమ్మడి నిధి ఏర్పాటుచేసేలా రాష్ట్రాలకు నమూనా నియమాలు పంపాలి. బురదగట్లకు ప్రత్యేక చట్టం తెచ్చి, కొత్తగా అప్‌స్ట్రీమ్ నిర్మాణాన్ని నిషేధించాలి. 2025 నాటి ప్రజాభిప్రాయ మినహాయింపును ఉపసంహరించాలి. ప్రతి గని పూచీకత్తు మొత్తాన్ని, దాని లెక్కను ఆ జిల్లా ప్రజల భాషలో బహిరంగపరచాలి. ఈ పనులను కోలార్ నుంచే ప్రారంభించాలి. ప్రభుత్వం తన సొంత గని దిబ్బలకు పూర్తి మూసివేత ఖర్చును ముందుగా జమచేసి చూపించిన తరవాతే వాటిలోని బంగారాన్ని తాకాలి.